గుర్రమెక్కిన పసులకాపరి

కౌబాయ్ అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేది సినిమా. ఆరుద్ర కథ రాయగా 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' నాటినుంచి తెలుగువాడి కంటికి కౌబాయ్ అంటే వెడల్పాటి టోపీ, నడుముకు తుపాకి, దుమ్ము లేపుకుంటూ పరిగెత్తే గుర్రం, ఎక్కడో దాచిన నిధి. ఆ సినిమాలో అన్నీ ఉన్నాయి, ఆవులు తప్ప. తర్వాత వచ్చిన మన కౌబాయ్ సినిమాల్లోనూ గొడ్లకు పెద్దగా చోటు దొరకలేదు.

నిజానికి ఆ ఇంగ్లీషు మాటకు అర్థం ఆవుల కుర్రాడు. మన భాషలో చెప్పాలంటే పసులకాపరి. కర్నూలు, కడప జిల్లాల్లో పసులకాపరి లేని ఊరు లేదు. కానీ అతణ్ణి హీరోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. "సదువుకోకపోతే గొడ్లు కాసేదానికి పోతావు" అని మనల్ని చిన్నప్పుడు బెదిరించని అయ్యవారు ఉన్నాడా? అదే పని చేసే మనిషి గుర్రమెక్కితే వీరుడు, కాలినడకన పోతే చదువురానివాడు! ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? అక్కడి పసులకాపరి గుర్రం ఎందుకు ఎక్కినాడు? మనవాడు ఎందుకు ఎక్కలేదు? సైన్సు విద్యార్థిని కాబట్టి, సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. తెలుసుకున్నంత మేరకు మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కౌబాయ్ అమెరికావాడని మన నమ్మకం. కానీ ఉష్ణమండలంలో, సముద్రం మధ్య దీవుల్లో కూడా గుర్రమెక్కిన పసులకాపరులు ఉన్నారు. అలాంటి దీవులు రెంటిని గురించి చెబుతాను. అందులో ఒక దీవితో మనకు బంధుత్వం ఉంది. అక్కడ మేసేది మన ఒంగోలు గిత్త.

రాజుగారి నిషేధం

మొదటిది పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి. 1793కు ముందు ఆ దీవుల్లో ఆవు లేదు, గుర్రం లేదు. ఆ ఏడు జార్జి వాంకూవర్ అనే ఇంగ్లీషు నావికుడు కాలిఫోర్నియా వైపునుంచి పొడుగు కొమ్ముల గొడ్లను ఓడలో తెచ్చి రాజు కమేహమేహకు కానుకగా ఇచ్చినాడు. మరుసటి ఏడు ఇంకొన్ని తెచ్చినాడు. అవి పెరిగి మందలు కావాలంటే కొంతకాలం ఎవరూ చంపకూడదని సలహా చెప్పినాడు. రాజు నిషేధం పెట్టినాడు. ఆ నిషేధం 1830 దాకా నిలిచింది.

కట్టుకొయ్య లేదు, ముకుతాడు లేదు, పులి లేదు, తోడేలు లేదు. కావలసినంత కసువు ఉంది. పదులు వందలై, వందలు వేలయినాయి. అగ్నిపర్వతాల వాలుల్లో అడవిగొడ్లయి తిరిగినాయి. జనం వేసుకున్న దుంపతోటల మీద పడినాయి. తోటల చుట్టూ రాతిగోడలు కట్టుకోవలసి వచ్చింది. మనిషి కనబడితే కొమ్ములు వంచి మీదికొచ్చే గొడ్డును కాలినడకన పోయి, కర్ర చూపించి తోలుకురావడం ఎవరి తరమూ కాదు.

గుర్రం ఆ దీవికి 1803లో చేరింది. రిచర్డ్ క్లీవ్లండ్ అనే వర్తకుడు తెచ్చినాడు. కానీ గుర్రం ఉంటే చాలదు, దాని మీద కూర్చుని తాడు విసిరి గొడ్డును పట్టే విద్య కావాలి. 1830ల్లో మూడవ కమేహమేహ రాజు, అప్పట్లో మెక్సికో ఏలుబడిలో ఉన్న కాలిఫోర్నియానుంచి ఆ విద్య తెలిసిన కాపరులను పిలిపించినాడు. వాళ్ళు మాట్లాడేది స్పానిష్. స్పానిష్‌ను వాళ్ళ భాషలో 'ఎస్పాన్యోల్' అంటారు. హవాయి భాషలో 'స' ధ్వని లేదు. ఆ మాటే హవాయివాళ్ళ నోట్లో నలిగి 'పనియోలో' అయిందని చెబుతారు. ఈనాటికీ హవాయిలో గుర్రపు పసులకాపరి పేరు పనియోలోనే. పచ్చితోలు పేనిన తాడు అతని ఆయుధం.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. అమెరికా గడ్డమీద మనం సినిమాల్లో చూసే కౌబాయ్ కాలం, 1865లో అక్కడి అంతర్యుద్ధం ముగిసిన తర్వాత మొదలైంది. అంటే దీవిలోని పనియోలో అతనికంటే ఒక తరం పెద్దవాడు. 1847లో పుట్టిన పార్కర్ రాంచి అనే పెద్ద పశుక్షేత్రం వైమియా ఊరి దగ్గర ఇప్పటికీ ఉంది. 1908లో ఇకువా పర్డీ అనే హవాయి కాపరి అమెరికాలోని షయాన్ పట్నంలో జరిగిన పెద్ద పోటీకి పోయి, అరువు గుర్రమెక్కి, 56 సెకన్లలో గిత్తకు తాడు వేసి, పడవేసి, కాళ్ళు కట్టి మొదటి బహుమతి గెలిచినాడు. మూడో స్థానం, ఆరో స్థానం కూడా హవాయివాళ్ళకే దక్కినాయి. దీవిమనిషికి గుర్రమేం తెలుసునని నవ్వుకున్నవాళ్ళు ఉంటే, ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటుంది.

హవాయి కాపరికి ఇంకో పని ఉండేది. అది మెట్టప్రాంతపు కౌబాయ్‌కి తెలియదు. ఒడ్డుదాకా రాలేని ఓడలకు గొడ్లను ఎక్కించాలి. గుర్రంతో సహా సముద్రంలోకి దిగి, గొడ్డును ఈదిస్తూ చిన్న పడవదాకా తీసుకుపోయి, తలను పడవ అంచుకు కట్టేసేవాళ్ళు. పడవ గొడ్లను ఈదిస్తూ ఓడదాకా తీసుకుపోయేది. సముద్రపు అలలకు బెదరని గుర్రం కావాలి ఆ పనికి.

సుంబా దీవిలో ఒంగోలు

రెండో దీవి ఇండోనేషియాలోని సుంబా. జావాకు తూర్పున, ఫ్లోరెస్ దీవికి దక్షిణాన ఉంది. విస్తీర్ణం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత కడప జిల్లా కంటే చిన్నది. ఇండోనేషియా అంటే దట్టమైన అడవులు, ఎడతెగని వానలు అనుకుంటాం. సుంబా తూర్పు భాగం చూస్తే ఆ అభిప్రాయం మారిపోతుంది. సున్నపురాయి గుట్టలు, చెట్టు అరుదైన పచ్చికబయళ్ళు. వాన డిసెంబరు నుంచి మార్చి దాకానే. మిగతా నెలలంతా ఎండిన కసువు. ఏడాదికి 670, 700 మిల్లీమీటర్ల వానతో బతికే మన కర్నూలు, కడపవాళ్ళకు ఆ దీవి పరాయిగా అనిపించదు.

ఆ దీవి గుర్రానికి 'శాండల్‌వుడ్' గుర్రమని పేరు. ఒకప్పుడు ఆ దీవినుంచి గంధపుచెక్క ఎగుమతయ్యేది. చెట్లు తరిగిపోయినాయి, పేరు గుర్రానికి మిగిలింది. పొట్టి జాతి, సుమారు నాలుగడుగుల ఎత్తు. కానీ గట్టి గిట్టలు, రాతినేలకు బెదరదు. 19వ శతాబ్దంలో ఈ గుర్రాలను ఓడల్లో జావాకు, ఇతర దీవులకు పంపేవాళ్ళు. సుంబా మనిషి చాలాసార్లు జీను లేకుండా, కాళ్ళు పెట్టుకునే రికాబులు లేకుండా ఎక్కి తిరుగుతాడు. అక్కడి స్త్రీలు నేసే ప్రసిద్ధమైన వస్త్రాల మీద కూడా గుర్రపు బొమ్మలే.

ఇక గొడ్ల సంగతి. 1914లో డచ్చి ప్రభుత్వం మన దేశంనుంచి ఒంగోలు జాతి పశువులను ఓడలకెక్కించి సుంబాకు తీసుకుపోయింది. పెద్దవీ చిన్నవీ కలిపి ఆరువందల పైచిలుకు. మన నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టే గుండ్లకమ్మ, ఒంగోలు సీమకు పారి సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటి చుట్టుపట్ల నేలల్లో తయారైన జాతి ఇది. ఎండుకసువు తిని, ఎండకు ఓర్చి, బరువు లాగే జంతువు కావాలని వెతుకుతున్న డచ్చివాళ్ళకు ఇది కళ్ళబడింది. జాతి చెడకుండా స్వచ్ఛంగా పెంచడానికి సుంబా దీవిని ప్రత్యేకించినారు. అక్కడ పెరిగిన గిత్తలను జావాకు పంపి, అక్కడి నాటు ఆవులతో కలిపినారు. ఈ కార్యక్రమానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఓంగోలిసాసి'. మన మాటల్లో ఒంగోలీకరణ! అలా పుట్టిన సంకరజాతి 'పెరనకన్ ఓంగోల్' జావాలో నాగలి లాగింది, బండి లాగింది. సుంబాలో ఉన్న మూలజాతిని 'సుంబా ఓంగోల్' అంటారు. ఒంగోలు ఎక్కడుందో తెలియని కాపరి అక్కడ రోజూ ఆ ఊరి పేరు పలుకుతూ గొడ్లను అదిలిస్తున్నాడు.

సుంబాలో ఈ గొడ్లను కొట్టంలో కట్టి మేపరు. బయళ్ళలోకి వదిలేస్తారు. ఒంటిమీద కాల్చిన వాతగుర్తు ఉంటుంది, దాన్నిబట్టి ఎవరివో తెలుస్తుంది. వాటిని వెతకడానికి, ఒకచోట చేర్చడానికి, దూడలను లెక్కపెట్టడానికి, అమ్మేవాటిని వేరు చేయడానికి గుర్రం కావాలి. ఆ దీవిలో గొడ్ల దొంగతనం పాతరోగం. దొంగ కూడా గుర్రం మీదే వస్తాడు కాబట్టి కాపరికి గుర్రం తప్పదు.

ఎద్దు ఒంట్లో ఉన్న సైన్సు

మన గిత్త అక్కడెలా నిలదొక్కుకుంది? ఒంగోలు జాతి వెంట్రుక తెల్లన, పొట్టి, నున్నన. ఎండను వెనక్కి తిప్పేస్తుంది. వెంట్రుక పక్కకు జరిపి చూడండి, కింద చర్మం నల్లన. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగకుండా అది కాపాడుతుంది. గంగడోలు, వేలాడే చర్మం వల్ల గాలి తగిలే ఒళ్ళు పెరుగుతుంది. చెమట గ్రంథులు సీమ ఆవుకంటే పెద్దవి, ఎక్కువ. వీటన్నిటికంటే ముఖ్యమైంది, లోపల పుట్టే వేడి తక్కువ. జీవక్రియ నిదానం కాబట్టి తక్కువ మేతతో కాలం గడుపుతుంది. సీమ ఆవు నాలుక బయటపెట్టి రొప్పే మధ్యాహ్నం, మన ఆవు వేపచెట్టు కింద నింపాదిగా నెమరు వేస్తుంది.

ఆ నెమరులోనే ఆవుకూ గుర్రానికీ తేడా ఉంది. ఆవు తిన్న గడ్డి ముందు పెద్దపొట్టలో సూక్ష్మజీవుల చేత పులుస్తుంది, తర్వాత పేగుల్లోకి పోతుంది. సారమంతా దక్కుతుంది. గుర్రానికి ఆ పులియడం చిన్నపేగు దాటిన తర్వాత, చివర్లో జరుగుతుంది. చాలా సారం పేడతో పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గుర్రం ఎక్కువ తినాలి, ఎక్కువసేపు తినాలి. బయట వదిలితే రోజులో సగానికి పైగా మేస్తూనే ఉంటుంది. పైగా గుర్రం విపరీతంగా చెమట పోస్తుంది. పరిగెత్తిన గుర్రం మెడమీద కనిపించే తెల్లని నురగ, దాని చెమటలో ఉండే ఒక మాంసకృత్తు వల్ల వచ్చేది. ఆ చెమట ఆరితే గుర్రం చల్లబడుతుంది, కానీ నీళ్ళూ ఉప్పూ ఎప్పటికప్పుడు అందాలి.

అంటే గుర్రాన్ని పోషించడానికి రెండే దారులు. విశాలమైన బయలుండాలి, లేదా కొట్టంలో కట్టి గింజలు పెట్టాలి. మొదటిది హవాయి, సుంబాల దారి. రెండోది మన దారి. ఆ గింజలు ఏవో మీకు తెలుసు. మనం గుగ్గిళ్ళు చేసుకునే ఉలవలే. ఇంగ్లీషువాళ్ళు ఉలవకు గుర్రపు పప్పు అనే అర్థం వచ్చే పేరే పెట్టినారు. ఉలవలు పండించింది మన రైతు. వాటిని తిన్న గుర్రం ఇంకొకరిది.

మనవాడు గుర్రం ఎందుకు ఎక్కలేదు

రాయలసీమకు గుర్రం కొత్త కాదు. విజయనగర రాజులు అరేబియా, పారశీక దేశాలనుంచి ఓడల్లో వచ్చే గుర్రాలను గోవా, భత్కల్ వంటి రేవుల్లో కొనేవాళ్ళు. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసువాడు న్యూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. మన దక్కను వేడిలో, మన మేతతో మేలుజాతి గుర్రాలు సరిగా పెరగవు కాబట్టి ఏటేటా కొత్తవి కొనక తప్పేది కాదు. అంత ఖర్చు పెట్టి కొన్న జంతువును ఆవుల వెంట ఎవరు తిప్పుతారు? అది సైన్యానికి పోయేది. తర్వాత పాళెగాళ్ళ కాలంలోనూ అంతే. 1800లో దత్తమండలాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన తర్వాత థామస్ మన్రో గుర్రం మీద ఊరూరా తిరిగి శిస్తులు కట్టినాడు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. మద్రాసులో ఉన్న ఆయన విగ్రహం గుర్రం మీదే ఉంది. విచిత్రమేమంటే ఆ గుర్రానికి రికాబులు లేవు, సుంబా కాపరి గుర్రానికి లేనట్టే.

కాబట్టి మన పల్లె జ్ఞాపకంలో గుర్రం మీద వచ్చేవాడు శిస్తుకో, దోపిడీకో, కొట్లాటకో వచ్చేవాడు. గుర్రం అధికారం. పట్నాల్లో జట్కాలు నడిచిన కాలంలో అది బండి లాగింది. పెళ్ళికొడుకును ఊరేగించడానికి ఒక పూట అద్దెకు వచ్చింది. మంద వెంట మాత్రం రాలేదు.

దీనికి అసలు కారణం నా ఉద్దేశంలో మన గొడ్ల స్వభావంలోనే ఉంది. మన దగ్గర గొడ్డు ఇంటి మనిషి. దానికి పేరుంది. ఎవరు పిలిస్తే వస్తుందో దానికి తెలుసు. మడక దున్నడం, గుంటక తోలడం, గొర్రుతో విత్తడం, బండి లాగడం, ఒకప్పుడు కపిల తోలి బావినీళ్ళు పైకి తేవడం అన్నీ దాని పనులే. పొద్దున మనిషి చేతిలో, సాయంత్రం మనిషి చేతిలో మెలిగే జంతువును పట్టుకోవడానికి తాడు విసరవలసిన అవసరం ఏముంది? పదేళ్ళ పిల్లవాడు కట్టెపుల్ల పట్టుకుని ఇరవై ఆవులను తోలుకొస్తాడు. పైగా మనకు ఖాళీ బయలు ఎక్కడిది? చేనుకు చేను ఆనుకుని ఉంటుంది. కాలిబాటలో, గట్లమీద, వంక గర్భంలో మేపాలి. అక్కడ గుర్రం పరిగెత్తితే పక్కవాడి శనక్కాయ చేను పాడవుతుంది, సాయంత్రానికి పంచాయతీ అవుతుంది.

గొర్రెలమందలు తోలుకుని ఊళ్ళూ జిల్లాలూ దాటి నడిచే గొల్లలు, కురుబలు కూడా కాలినడకనే పోతారు. గొర్రె నడక మనిషి నడకకు సరిపోతుంది. రాత్రికి ఒక రైతు చేలో మంద నిలిపితే చేనుకు ఎరువు, కాపరికి కూలి. భుజాన కంబళి, చేతిలో కర్ర. హవాయి కాపరి తాడుకు ఎంత విద్య కావాలో ఆ కర్రకూ అంతే కావాలి. ఏ గొర్రెకు గాళ్ళు తగిలినాయో, ఏ వంకలో ఏ ఆకు మొలిచిందో, ఏ మబ్బు కురుస్తుందో అతనికి తెలుసు. చూసేవాడికి గుర్రం కనబడుతుంది కాబట్టి పొగుడుతాడు. ఈ విద్య కనబడదు కాబట్టి "గొడ్లు కాసేదానికి పోతావు" అంటాడు.

నెత్తురు చిందే పండగలు

సుంబాలో గుర్రం పని పసులకాపుతో ఆగదు. పెళ్ళికి మగపిల్లవాడి వైపువాళ్ళు గుర్రాలు, ఎనుములు ఇవ్వాలి. పెద్దమనిషి చనిపోతే గుర్రం బలి ఇస్తారు. ఇక పశ్చిమ సుంబాలో ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో 'పసోలా' జరుగుతుంది. ఆ రోజుల్లో ఒడ్డుకు ఒకరకం సముద్రపు పురుగులు గుంపులుగా వస్తాయి. పూజారులు వాటిని చూసి పంట ఎట్లా ఉంటుందో చెబుతారు. తర్వాత రెండు పక్షాల రౌతులు మైదానంలో ఎదురెదురుగా గుర్రాలు దౌడు తీయిస్తూ కర్ర ఈటెలు విసురుకుంటారు. నేలమీద నెత్తురు పడితే పంట బాగా పండుతుందని నమ్మకం. ఈటెల మొనలు ఇప్పుడు మొద్దుగా ఉంటాయి, అయినా గాయాలు తప్పవు.

ఇది చదివినప్పుడు కర్నూలు జిల్లావాళ్ళకు దేవరగట్టు గుర్తురాకుండా ఉండదు. హొళగుంద మండలంలో మాళమల్లేశ్వరస్వామి కొండ దగ్గర దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో, ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలతో తలపడతాయి. ఏటా తలలు పగులుతాయి. పోలీసులు, అధికారులు ఎంత చెప్పినా ఆగలేదు. రెండు చోట్లా వానమీద ఆధారపడ్డ మెట్టసేద్యమే, రెండు చోట్లా నెత్తురే. తలలు పగలడాన్ని నేను మెచ్చుకోను. కానీ వాన ఎప్పుడొస్తుందో తెలియని నేలమీద బతికేవాళ్ళు ఇలాంటి పండగలను ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటారో మాత్రం నాకు కొంత అర్థమవుతుంది. మనవాళ్ళు కాలినడకన కొట్టుకుంటారు, వాళ్ళు గుర్రాలమీద. అక్కడ కూడా తేడా గుర్రమే.

మన కొట్టాల సంగతి

ఇంతవరకు చెప్పిందాంట్లో ఒక విషయం నాకు స్పష్టంగా కనిపించింది. ఏ జంతువైనా ఒక జనం మధ్య నిలవాలంటే దానికి ఆ జనంలో ఒక పని ఉండాలి. హవాయిలో అడవిగొడ్లు లేకుంటే పనియోలో లేడు. సుంబాలో మోటారుసైకిళ్ళు వచ్చినా గుర్రం పోలేదు, ఎందుకంటే పెళ్ళికి, చావుకు, పసోలాకు మోటారుసైకిల్ పనికిరాదు.

మరి మన ఎద్దుకు ఏం పని మిగిలింది? మా ఇంట్లో ఎద్దుల జతను మూడేళ్ళ కిందట అమ్మినాము. ట్రాక్టరు గంటలో దున్నే చేనుకు ఎద్దులు రెండు రోజులు తీసుకుంటాయి. శనగ, మొక్కజొన్న మిషన్లతో కోస్తున్నాక చొప్ప, పొట్టు ఇంటికి చేరడం తగ్గింది. జొన్న వేసేవాళ్ళు తగ్గినారు. మేత కొని ఎద్దులను మేపడం మా నాయనకు లెక్క కుదరలేదు. ఇప్పుడు ఒక ఆవుంది, దానికి కోడెదూడ పుట్టింది. "అమ్మేస్తాం, దాన్ని మేపి ఏం జేయాల?" అంటాడు నాయన. "ఇంకో కోడె జతకు దొరికేదాకా ఉండనీరా, నీ మేతేం తింటాండ్లేదు గదా" అంటాడు జేజినాయన. ఈ వాదన ఇంకా తెగలేదు. తప్పు ఎవరిదీ లేదు. నాయన చెప్పే లెక్క నిజం, జేజినాయన బాధా నిజం.

మావైపు ఎద్దుకు బాగా మిగిలిన గౌరవం బండలాగుడు పోటీలే. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని దంతాలు చూసి వయసు నిర్ణయించి జతలను విభజిస్తారు. శాశ్వత దంతాలు జతలు జతలుగా వస్తాయి కాబట్టి ఇది శాస్త్రానికి సరిపోయిన పద్ధతే. కానీ పోటీ ఎద్దులను మేపడం అందరికీ సాధ్యం కాదు. ఉలవలు, బాదం పెట్టి మేపే ఆ నాలుగు జతలతో జాతి నిలవదు.

విదేశాల్లో మన జాతి గొప్పగా ఉందని చెప్పుకుని మురుస్తుంటాం. నిజమే. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్‌లో దాన్ని 'నెలోరి' అంటారు. 1960ల మొదట్లో అక్కడికి పోయిన గిత్తల్లో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే పెట్టినారు. 2023లో అక్కడి వియాటినా-19 అనే నెలోరి ఆవులో మూడో వంతు వాటాను వేలంలో అమ్మితే, దానినిబట్టి ఆవు మొత్తం విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. కానీ అక్కడ ఆ జాతి నిలిచింది మాంసానికి. గుర్రపు కాపరులు తోలేది ఆ మందలనే. ఈ సగం నిజం దాచి, మిగతా సగంతో గొప్పలు చెప్పుకోవడం విద్యార్థులకు తగదు. వాళ్ళ దారి వాళ్ళది. మన దారి ఏదో మనం చూసుకోవాలి.

నాకు తోచిన దారి చిన్నది. శనక్కాయ, పత్తి, కంది సాళ్ళ మధ్య గుంటక తోలడానికి పెద్ద ట్రాక్టరు పనికిరాదు. పైరు పెరిగిన తర్వాత ఎద్దులే పోవాలి. ఆ పనికోసం ఈనాటికీ మా ఊళ్ళో ఎద్దులున్నవాళ్ళను బతిమాలుకుంటారు, దినానికి బాడుగ ఇస్తారు. ఒక్కో ఇంటికి ఒక జత అక్కర్లేదు. నలుగురు సన్నకారు రైతులు కలిసి ఒక జతను మేపితే, ఖర్చు నాలుగు భాగాలవుతుంది, జతకు ఏడాదిలో చాలా దినాలు పని దొరుకుతుంది. మేతకు గట్లమీద కసువు పెంచుకోవచ్చు. ఇక మంచి విత్తనానికి గుంటూరు దగ్గర లాం ఫారం, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రం ఈ జాతి మీద పనిచేస్తున్నాయి. ఊరి ఆవులకు ఏ గిత్త విత్తనం ఎక్కించినారో రాసిపెట్టుకునే అలవాటు మాత్రం మన పల్లెల్లో లేదు. డచ్చివాళ్ళు ఒక దీవినే కేటాయించి చేసిన పనిని, మనం ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టవచ్చు.

కాబట్టి మిత్రులకు ఒక మనవి. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు, మీ ఊళ్ళో ఎన్ని జతల ఎద్దులున్నాయో, పదేళ్ళ కిందట ఎన్ని ఉండేవో, ఇప్పుడున్నవాటికి ఏడాదిలో ఎన్ని దినాలు పని దొరుకుతోందో అడిగి రాసుకుని రండి. పసులకాపరులతో కూడా మాట్లాడండి, ఏ బయలు ఏమయిందో వాళ్ళకే బాగా తెలుసు. మన కళాశాలలో చదివేవాళ్ళం ఎన్ని ఊళ్ళనుంచి వచ్చినామో అన్ని ఊళ్ళ లెక్క చేరుతుంది. జంతుశాస్త్ర విభాగంలో మా అధ్యాపకుల దగ్గర కూర్చుని దాన్ని పట్టికగా వేద్దాం. వచ్చే ఏటి సంచికలో ఆ పట్టిక అచ్చయితే, ఎద్దును అమ్మాలా ఉంచాలా అని ఇంట్లో వాదించుకునేవాళ్ళ ముందు పెట్టడానికి మన దగ్గర కనీసం ఒక లెక్క ఉంటుంది.